ఇంట కట్టిన విమానము – వదలని మర

ఈ ప్రసంగమును వినుచున్నవారిలో పెక్కురు ఈ వేళ తిరుగుచున్న పంకా క్రిందనే కూర్చుండియుందురు. ఒక్కసారి తల యెత్తి చూడుడు. పంకా కడ్డీ పైకొనను కప్పులోని కొక్కెమునకు వ్రేలాడదీయునది ఒక బోల్టు. ఆ బోల్టు జారిపోకుండ దాని కొనకు ఒక నట్టు. ఆ నట్టు తిరిగి ఊడిపోకుండ, బోల్టులోని సన్నని రంధ్రమున దూర్చి, రెండు కాళ్లను చెరియొక వైపునకు వంచిన ఇనుప పిన్ను ఒకటి. దీనిని మన పనివారు స్ప్లిట్ పిన్ను అందురు. గిన్నెవంటి మూత దానిని కప్పియుంచును గనుక మనకు కనబడదు. కనబడదు గనుక అది యున్నదో లేదో మన మెన్నడును అడుగము.

కొన్నేండ్ల క్రిందట మా యింట సున్నము వేయించునపుడు పంకాలను దింపిరి. పని ముగిసినది, పంకాలు తిరిగి ఎక్కినవి, గాలి వచ్చినది, మేమును సంతోషించితిమి. మూడవనాడు మా తల్లిగారు కిటికీ గూటిలో దుమ్ము తుడుచుచు, వంకర తిరిగిన పిన్ను నొకదానిని అరచేతిలో పెట్టుకొని వచ్చి, “ఇది దేనిదిరా నాయనా? ఉండవలసినచోట లేనట్టున్నదే!” అనిరి. అది పిల్లలు పండుకొను గదిలోని పంకాది. బల్ల వేసికొని ఎక్కి మూత దింపి చూచితిమి. నట్టు అప్పటికే ఒక చుట్టు వదలియున్నది. ఆ పని చేసినవాడు చెడ్డవాడు కాడు, పని తెలియనివాడును కాడు. నట్టును గట్టిగానే బిగించినాడు. పిన్నును కిటికీలో పెట్టి, భోజనమునకు పోయి, తిరిగి వచ్చి తరువాతి గది పని అందుకొన్నాడు. అంతే జరిగినది.

నేటి మన విషయము పంకా కాదు, విమానము. అదియు పెద్ద కర్మాగారములలో తయారై వందలమందిని మోసికొనిపోవు విమానము కాదు. అమెరికాలోను ఇంగ్లండులోను ఒక గృహస్థుడు తన కారు షెడ్డులో, సెలవుదినములలో, స్వహస్తములతో కట్టుకొను చిన్న విమానము. ఇద్దరు కూర్చుండుటకు చోటుండును. అందులోని నట్లు, బోల్టులు, మరమేకులు ఎగురునపుడు వదలిపోకుండ ఏమి చేయుదురన్నదే మనము చెప్పుకొనదలచిన ముచ్చట. మేము ఇంజనీరులము కాము, రేడియో ఉద్యోగులము. అయినను ఈ విషయము మా కంటబడినది మా ప్రసార స్తంభము వద్దనే. ఆ స్తంభమును నిలబెట్టు ఉక్కుతాళ్ల అడుగున టర్న్‌బకిల్ అను బిగింపు మరలుండును. ఒకనాడు మా ఇంజనీరు మిత్రుడొకరు వానిలోనుండి దూర్చి చుట్టిన తీగను వ్రేలితో తాకి చూపి, “విమానములలో తాళ్లను కూడ ఇట్లే కట్టుదురు, ఈ తీగ లేనిచో మర తనంత తానే విప్పుకొనును” అనెను. ఇనుప మర తనంత తానే ఎట్లు విప్పుకొనునని మాకు సందేహము కలిగినది. ఆ సందేహమే ఈ ప్రసంగమునకు మూలము.

ఇంట విమానము కట్టుకొనుట విపరీతమైన కోరికవలె తోచవచ్చును. కాని లోకములో ఇది చాల విరివిగా సాగుచున్న పని. అమెరికాలో 1953వ సంవత్సరమున పాల్ పోబరెజ్నీ అను వైమానికుడు మిల్వాకీ నగరమున ఇట్టి గృహనిర్మాతల సంఘమును స్థాపించెను. ఆ సంఘము యొక్క వార్షికోత్సవము 1970 నుండి ఆష్‌కాష్ అను ఊరిలో జరుగుచు, వేలకొలది విమానములను అచ్చటికి రప్పించుచున్నది. ఆరిగన్ రాష్ట్రములోని ఒక్క సంస్థ అమ్మిన సామగ్రితో ఇండ్లలో కట్టబడి ఎగిరినవే 10,000కు మించినవి. మన దేశములో అమోల్ యాదవ్ అను విమానచోదకుడు బొంబాయిలో తన యింటి మేడపై కట్టిన విమానమునకు 2017లో రిజిస్ట్రేషనును, 2019లో ఎగురుటకు అనుమతియు లభించినవి. అమెరికా చట్టము ప్రకారము ఇట్టి విమానములో సగమునకు మించిన పనిని విద్యకొరకో వినోదముకొరకో ఔత్సాహికుడే చేసియుండవలెను. అనగా అందులోని వేలకొలది బిగింపులలో హెచ్చుభాగము ఆయన చేతిమీదుగా జరిగినవే. పంకా ఊడినచో క్రింద నున్నవాడు గాయపడును. విమానములో క్రింద నున్నవాడు, పైన నున్నవాడు, పంకా బిగించినవాడు అందరును ఒక్కడే.

నిజమునకు లోకములో ఇంజనుతో ఎగిరి మనుష్యుని మోసిన మొదటి విమానము కూడ ఒక విధముగా ఇంట కట్టినదే. రైటు సోదరులు ఒహాయో రాష్ట్రమున డేటన్ పట్టణములో సైకిళ్ల వ్యాపారులు. విమానమును దుకాణములోనే తయారుచేసికొని 1903వ సంవత్సరపు శరత్కాలమున ఉత్తర కరొలినా తీరములోని ఇసుకదిబ్బలకు తీసికొనిపోయిరి. ఇంజను 12 గుర్రముల బలము గలది, వారి మెకానిక్ చార్లీ టైలరు చేసినది. ఇంజను నుండి సైకిలు గొలుసులవంటి గొలుసులు రెండు ప్రొపెల్లర్లను త్రిప్పవలెను. గొలుసు పట్టు పళ్లచక్రములు ఇరుసులకు మరతో బిగింపబడియుండెను. ఇంజనును నడిపిచూచిన ప్రతిసారియు దాని కుదుపులకు ఆ చక్రములు వదలిపోవుచుండెను. బిగించిరి, వదలినవి. మరింత బలముతో బిగించిరి, మరల వదలినవి. చలి ముంచుకొని వచ్చుచున్నది, ఆ యేడు ఇక ఎగురుట కలయే యనిపించినది.

అప్పుడు వారికి తమ పాతవృత్తి జ్ఞాపకము వచ్చెను. సైకిలు చక్రమునకు టైరును అంటించుటకు ఆర్న్‌స్టీన్ సిమెంటు అను గట్టి జిగురును వాడెడివారు. ఇరుసులను, చక్రములను వేడిచేసి, ఆ జిగురును కరగించి మరలలో పోసి, వేడిమీదనే బిగించివేసిరి. ఆ తరువాత ఆ చక్రములు కదలలేదు. కష్టములు అంతటితో తీరినవని కాదు. ఒక ఇరుసు బీటవారినది. ఆర్విల్ రైలెక్కి డేటన్ వెళ్లి గట్టి ఉక్కుతో క్రొత్త ఇరుసులు చేయించుకొని రావలసివచ్చెను. డిసెంబరు 17వ తేదీని వారు నాలుగుసార్లు ఎగిరిరి. మొదటిసారి 12 సెకండ్లు, నాలుగవసారి 59 సెకండ్లు, 852 అడుగులు. ఆ దినమును గూర్చి వ్రాయువారు రెక్కల వంపును గూర్చి వ్రాయుదురు, ఇంజనును గూర్చి వ్రాయుదురు. టైరు జిగురును గూర్చి వ్రాయువారు తక్కువ. మా దృష్టిలో ఆ జిగురు కూడ ఆ చరిత్రలో ఒక పాత్రయే. తరువాత సరిగా అర్ధశతాబ్దమునకు, 1953లో, హార్ట్‌ఫర్డులోని ట్రినిటీ కళాశాల రసాయనాచార్యుడు వెర్నన్ క్రీబుల్ గాలి తగులనిచోట మాత్రమే గట్టిపడు ద్రవమును కనుగొనెను. నేడు లాక్‌టైట్ అను పేర ప్రతి మోటారు షెడ్డులోను కనబడు చిన్న సీసా అదియే.

సరే, నట్టు ఏల వదలును? మర యనగా నేమి? కడ్డీ చుట్టును చుట్టిన ఏటవాలు త్రోవ. ఘాటురోడ్డు కొండను చుట్టి పైకి పోయినట్లే మర కడ్డీని చుట్టిపోవును. నట్టు ఆ రోడ్డుపై నిలిపిన బండివంటిది. బండి వెనుకకు దొర్లకుండ పట్టియుంచునది రాపిడి యొక్కటియే. మనము నట్టును బిగించునపుడు బోల్టు వెండ్రుకవాసి సాగును. సాగిన ఉక్కు తిరిగి ముడుచుకొనవలెనని లాగుచు, నడుమ నున్న రేకులను ఒకదానికొకటి అదిమిపెట్టును. అనగా బోల్టు ఒక గట్టి స్ప్రింగు. ఆ లాగుడు ఉన్నంతవరకు రాపిడి యుండును, రాపిడి యున్నంతవరకు నట్టు కదలదు. ఇందులో ఒక వింత యున్నది. పానాతో మనము పెట్టు బలములో సుమారు సగము నట్టు అడుగుభాగపు రాపిడికిని, దాదాపు నూటికి 40 వంతులు మరల రాపిడికిని పోవును. బోల్టును సాగదీయుటకు మిగులునది పదియవ వంతు మాత్రమే. మరలో చుక్క నూనె పడినను, తుప్పు పట్టినను ఈ లెక్క యంతయు తారుమారగును. “నేను గట్టిగా బిగించితిని” అనుట చేతికి తెలిసిన మాట; బోల్టు ఎంత సాగినదో చేతికి తెలియదు.

ఇక కుదుపు సంగతి. బోల్టును నిలువునా లాగు బలమువలన నట్టు అంత తేలికగా వదలదు. అడ్డముగా, ఇటు నటు, రేకులను ఒకదానిపై నొకటి జరుపు కదలికయే దానికి శత్రువు. జర్మను ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ ఇట్టి అడ్డకదలికను కలిగించు యంత్రమొకటి అమర్చి, 1969లో తన ఫలితములను ప్రకటించెను. రేకులు అడ్డముగా జారిన ప్రతిక్షణమును మరలోని రాపిడి పట్టు సడలును. ఆ క్షణములో నట్టు ఏటవాలుపై కొంచెము వెనుకకు జరుగును. క్షణమునకు ఎన్నో సార్లు అదరు ఇంజను ప్రక్కన ఈ “కొంచెము” ఎంతసేపటిలో ఒక చుట్టగునో ఊహించుకొనవచ్చును. యుంకర్ పరీక్షల తరువాత తెలిసివచ్చిన మరియొక సంగతి మనవారికి రుచింపకపోవచ్చును. నట్టు క్రింద వేయు చీలిన స్ప్రింగు వాషరు, మన మెకానిక్కులు సర్వరోగనివారిణిగా నమ్మునది, అడ్డకదలిక ముందు పెద్దగా నిలువదు.

కావున విమానము కట్టువారు రెండు పనులను వేరుచేసి చూచుదురు. మొదటిది బిగింపు. రెండవది తాళము. ఈ రెంటిని ఒక్కటిగా తలచుటయే క్రొత్తవారు చేయు తప్పు. మూయని తలుపునకు తాళము వేసి లాభమేమి? తాళపు పిన్ను నట్టు పూర్తిగా ఊడి పడిపోకుండ ఆపునే గాని, చాలని బిగింపును చాలినంతగా చేయలేదు.

బిగింపును గూర్చి ముందు చెప్పెదము. పావు అంగుళము లావు గల విమానపు బోల్టునకు సాధారణముగా విధింపబడిన బిగింపు 50 మొదలు 70 అంగుళ-పౌనులు. ఒక అడుగు పొడవు గల పానా కొనపై సుమారు అయిదు పౌనుల బరువు, అనగా రెండుంబావు కిలోల బరువు, వ్రేలాడదీసినట్లన్నమాట. ఇంతేనా యని ఆశ్చర్యపోవుదుము. బలమైనవాడు మణికట్టు త్రిప్పినంతలోనే అది దాటిపోవును. ఇంటివద్ద కట్టువారు బోల్టులను వదులుగా నుంచుటయే కాదు, ఎక్కువగా బిగించి పాడుచేయుటయు కలదు. అందుకే కొలత చూపు పానాను వాడుదురు. నట్టులోనే నైలాను పట్టీ యున్నచో దానిని త్రిప్పుటకే కొంత బలము ఖర్చగును గనుక ఆ బలమును ముందు కొలిచి, లెక్కకు కలుపుకొందురు.

బోల్టు పొడవులో ఒక మోసమున్నది. ఇది మాకు ఒక వృద్ధ మెకానిక్ చెప్పినది, తరువాత పుస్తకములలోను చూచితిమి. బోల్టునకు తలవైపున నున్నని భాగము, కొనవైపున మర యుండును. రంధ్రములో నుండవలసినది నున్నని భాగమే, మర కాదు. కాని నున్నని భాగము రేకుల మందమునకు మించి పొడవైనచో, నట్టు మర చివరికి వచ్చి అచ్చట ఆగిపోవును. పానా బిగిసిపోవును. కొలత పానా కూడ కావలసిన అంకెనే చూపును. చేయి “బిగిసినది” అని చెప్పును. రేకులు మాత్రము నడుమ వదులుగా ఆడుచుండును. అట్టిచోట ఒకటో రెండో వాషరులు వేసికొందురు, అంతకు మించి కావలసివచ్చినచో పొట్టి బోల్టును తెచ్చుకొందురు. ఇక బోల్టు మరీ పొట్టిదైనచో నట్టు నిండ మర అందదు. తాళపు నట్టు బిగించిన తరువాత దాని అవతల కనీసము ఒక మర కనబడవలెనన్నది నియమము. కంటితో చూచి నిర్ణయింపదగిన నియమము గనుక ఇది మాకు మిక్కిలి నచ్చినది.

ఇక తాళములు. రెక్క అంచున పైకి క్రిందికి ఆడు పలకలు, తోకరెక్కలు, చోదకుని చేతికర్రనుండి వానిని కదలించు కడ్డీలు, ఇవి యన్నియు కీళ్లవద్ద తిరుగుచుండును. తిరుగు కీలులో నట్టుపైనను బోల్టుపైనను త్రిప్పుడు పడును. అట్టిచోట నైలాను పట్టీ నట్టును నమ్మరాదు. కోటగోడ బురుజులవలె పైఅంచున గాడులు కోసిన నట్టును వేసి, బోల్టు రంధ్రమునకు గాడి ఎదురుపడినపుడు స్ప్లిట్ పిన్ను దూర్చి కాళ్లు వంచవలెను. గాడి ఎదురుపడనిచో నేమి చేయవలెను? ఇక్కడనే మనుష్యుని స్వభావము బయటపడును. నట్టును కొంచెము వెనుకకు త్రిప్పినచో గాడి కుదురును, పని అయిపోవును. అది చేయరాదు. హద్దులోపల ముందునకే బిగింపవలెను. అప్పటికిని కుదరనిచో నట్టు విప్పి, వాషరు మార్చి, మొదటినుండి మొదలుపెట్టవలెను. రాత్రి పదకొండు గంటలకు, మరునాడు ఆఫీసుండగా, ఒంటరిగా షెడ్డులో నిలువబడినవానికి ఆ వాషరు మార్చుట ఎంత కష్టమో గృహస్థులకు చెప్పనక్కరలేదు.

నైలాను పట్టీ గల నట్టు తిరుగనిచోట మంచిది. దానికి హద్దులు రెండు. సుమారు 121 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి మించినచోట, అనగా ఇంజను చెంత, దానిని వాడరు. అచ్చటికి పూర్తిగా లోహపు తాళపు నట్టు వేరుగా నున్నది. రెండవది, దానిని చేతివ్రేళ్లతోనే త్రిప్పి చివరివరకు దింపగలిగినచో ఆ నట్టు ముసలిదైనదని అర్థము, పారవేయవలసినదే.

ఇంజనుపై నట్టు లేక లోహములోనికే దిగు బోల్టు లెన్నో యుండును. వాని తలలలో రంధ్రములు చేసి తీగ కట్టుదురు. ఈ తీగకట్టు చూచుటకు ముచ్చటగా నుండును, నేర్చుకొనుటకు ఓపిక కావలెను. సాధారణముగా వాడు తీగ అంగుళములో వెయ్యింట 32 వంతుల లావు. రెండు పేటలుగా తీసి అంగుళమునకు ఆరుమొదలు ఎనిమిది మెలికలు పడునట్లు పేని, ఒక బోల్టు తలనుండి ప్రక్క బోల్టు తలకు లాగి కట్టుదురు. రహస్యమంతయు లాగు దిక్కులో నున్నది. మొదటి బోల్టు వదలుటకు తిరుగబోయినచో ఆ తీగ రెండవదానిని బిగించువైపునకు లాగవలెను. దిక్కు తప్పినచో ఎంత అందముగా పేనినను ఆ కట్టు అలంకారమే. కొనను వెనుకకు వంచి మడవవలెను, లేనిచో తరువాత అక్కడ చేయి పెట్టినవాని చర్మము చీరుకొనును. ఒకసారి విప్పిన తీగను మరల వాడరు, స్ప్లిట్ పిన్నును అంతే.

బోల్టును ఏ వైపునుండి దూర్చవలెనన్నదానికి కూడ ఆచారమున్నది. తల పైకి గాని, ముందునకు గాని ఉండవలెను. అన్ని తాళములు విఫలమై నట్టు ఊడిపోయినను, భూమి ఆకర్షణమును ఎదురుగాలియు బోల్టును దాని రంధ్రములోనే ఉంచునని ఆశ. మన పల్లెలలో ఎడ్లబండి ఇరుసు కొనను దూర్చు కడసీలను కూడ పైనుండి క్రిందికే దింపుదురు. సీలకు తల లావుగా నుండును. బండి ఎంత కుదిపినను బరువే దానిని లోపలికి దించుచుండును. ఆ కమ్మరులు ఎన్నడును విమానమును చూచినవారు కారు.

ఇన్ని నియమములు తెలిసిన పెద్ద సంస్థలలోనే పొరపాట్లు జరిగినవి. 1990 జూన్ 10వ తేదీని ఇంగ్లండులో బర్మింగ్‌హాం నుండి బయలుదేరిన ప్రయాణికుల విమానమొకటి 17,300 అడుగుల ఎత్తున నుండగా చోదకుని ముందరి అద్దము ఊడి ఎగిరిపోయెను. కెప్టెను నడుము వరకు బయటకు ఈడ్వబడెను. సిబ్బంది ఆయన కాళ్లు పట్టుకొని నిలిచిరి, సహచోదకుడు సౌతాంప్టన్‌లో విమానమును దింపెను. కెప్టెను బ్రతికెను, ఎవరును మరణింపలేదు. విచారణలో తేలినదేమనగా, ఆ అద్దమును 27 గంటలకు ముందే మార్చియుండిరి. దానిని పట్టియుంచు 90 బోల్టులలో 84 కావలసినదానికంటె అంగుళములో వెయ్యింట 26 వంతులు సన్ననివి, మిగిలిన ఆరును పొట్టివి. రాత్రివేళ ఒక అనుభవజ్ఞుడు పాతవానితో పోల్చి కంటికొలతతో ఏరుకొన్నవి. ఆ పనిని రెండవవారు చూడవలెనన్న నిబంధన నాడు లేకపోయెను. పదియేండ్ల తరువాత, 2000 ఫిబ్రవరి 16వ తేదీని కాలిఫోర్నియాలో శాక్రమెంటో వద్ద సరకుల విమానమొకటి ఎగిరిన కొలది నిమిషములకే కూలి, అందున్న ముగ్గురును మరణించిరి. తోకరెక్కకు చెందిన ఒక కడ్డీని కీలునకు పట్టియుంచు బోల్టును సరిగా భద్రపరుపలేదు, పరీక్షించియు చూడలేదు. బురుజు నట్టు, స్ప్లిట్ పిన్ను ఉండవలసిన చోటు అది. ఆ విమానము పోవలసిన ఊరు డేటన్, రైటు సోదరుల ఊరు.

మేము ఈ రెండు వృత్తాంతములను చదివినపుడు మా తల్లిగారి అరచేతిలోని పిన్ను గుర్తువచ్చినది. ఆమెకు పంకా సంగతి ఏమియు తెలియదు. ఆమె చేసినదెల్ల, పని చేయని కంటితో చూచుటయే. బిగించిన చేయి మరల చూచునపుడు నట్టును చూడదు, తన జ్ఞాపకమును చూచును. “ఇది నిన్న చేసితిని” అని ముందునకు సాగిపోవును. ఇంట విమానము కట్టువాని కష్టము ఇదియే. కర్మాగారములో ఒకడు బిగించును, ఇంకొకడు చూచి సంతకము పెట్టును. షెడ్డులో బిగించువాడును చూచువాడును సంతకము పెట్టువాడును తానే. ఇంగ్లండులో చోదకుని ఆజ్ఞలను రెక్కలకు చేర్చు కడ్డీలు, తాళ్లు మొదలైనవానిపై చేయి పడినచో ఇద్దరు వేరువేరుగా చూడవలెనను విధి యున్నది. అమెరికాలోని గృహనిర్మాతల సంఘములో అనుభవము గలవారు కొందరు పిలిచినచో ఉచితముగా ఇంటికి వచ్చి చూచిపోవుదురు. వారిని పిలుచుట తన పనితనమునకు అవమానమని భావించువారును లేకపోలేదు. ఆ భావము తప్పని మా అభిప్రాయము. పంచాంగమును అచ్చువేయువాడు కూడ ప్రూఫులను ఇంకొకరిచేత చదివించును గదా!

మరి రెండవ కన్ను ఎల్లప్పుడు దొరకదు. అందుచేత నట్టే తన సంగతి తాను చెప్పునట్లు ఒక ఉపాయము చేయుదురు. బిగించి, కొలిచి, తాళము వేసిన తరువాత నట్టుమీదినుండి ప్రక్కనున్న రేకుమీదికి ఎర్రని రంగుతో సన్నని గీత గీయుదురు. నట్టు కొంచెము తిరిగినను గీత రెండుగా తెగి కనబడును. గీత లేని నట్టు ఇంకను పూర్తికాని పని. కట్టువాడు నడుమ లేచి పోవలసివచ్చినపుడు, టెలిఫోను మ్రోగినను, భోజనమునకు పిలిచినను, గీత గీయనిది ఏదో తెలిసిపోవును. ఊడదీసినవానిని ఒక పళ్లెములో వేసి, పని ముగిసిన పిదప పళ్లెము ఖాళీ అయినదా యని చూచువారును కలరు. మా యింటి కిటికీగూడు ఆనాడు పళ్లెమైనది.

అన్నిటికంటె మెలకువ కావలసినది కర్ర ప్రొపెల్లరు. ఇనుము ఇనుమును అదిమినచో ఆ పట్టు కొంతకాలము నిలుచును. కర్ర ప్రాణమున్నదానివలె గాలిలోని తడిని పీల్చి ఉబ్బును, ఎండకు ముడుచుకొనును. ముడుచుకొన్నపుడు బోల్టులు వదులగును. ఉబ్బినపుడు వాషరుల క్రింద కర్ర నలిగిపోవును. ఎండకాలములో బండిచక్రము వదులైనపుడు మన రైతులు దానిని చెరువులో నానవేయుదురు. ప్రొపెల్లరును నానవేయలేము గదా! కావున ఋతువు మారినపుడెల్ల తీగను కత్తిరించి, బోల్టులను మరల కొలిచి బిగించి, క్రొత్త తీగ కట్టవలెను. మూడు నాలుగేండ్లు శ్రమించి కట్టినవాడు ఈ పనికి విసుగుకొనడు. కొన్నవాడు విసుగుకొనును. ఇంట కట్టిన విమానము చేతులు మారినపుడు ఈ భేదము తెలియును.

అమెరికాలో ఇట్టి విమానము పూర్తియైన తరువాత ప్రభుత్వ పరీక్షకుడు చూచి పత్రమిచ్చును. అది ఇచ్చినంతమాత్రమున ఇష్టమువచ్చినచోటికి పోవుటకు లేదు. ఇంజనును ప్రొపెల్లరును ముందే ఆమోదింపబడిన జతయైనచో 25 గంటలు, కానిచో 40 గంటలు, నిర్ణయించిన ప్రదేశముపైననే ఎగిరి పరీక్షింపవలెను. ఎగిరి దిగిన మొదటి గంట చాల ముఖ్యమైనది. క్రొత్తగా బిగించిన రేకులు, రబ్బరు దిమ్మలు, రంగుపూతలు అన్నియు ఆ కుదుపులో అణగి సర్దుకొనును, అణగినకొలది బోల్టుల లాగుడు తగ్గును. అందుచేత తెలిసినవారు దిగగానే ఇంజను మూత తీసి, దీపము పట్టుకొని, ఒక్కొక్క ఎర్రగీతను చూచికొనుచు పోవుదురు. కొన్ని తెగియుండును. మరల కొలత, మరల పిన్ను, మరల గీత.

ఆ గంటలు ముగియువరకు విమానమును నడుపుటకు అవసరములేని వారెవరును అందులో ఎక్కరాదు. ప్రక్క ఆసనమునకు ఎదురుగా, ఇది ఔత్సాహికుడు కట్టినది, సాధారణ విమానముల భద్రతా నిబంధనలకు లోబడినది కాదు అని తెలుపు చిన్న పలక నొకదానిని చట్టము ప్రకారము అతికించియుంతురు. గంటలు నిండిన మరునాడు ఆ పలకను చదివి ఆ ఆసనములో కూర్చుండునది తరచుగా కట్టినవాని భార్యయో, కొడుకో, కూతురో అయియుందురు.